లాగిన్ మీదే, అనుమతి ఎవరిది?

2003 నాటికి హైదరాబాద్‌లో సెల్‌ఫోన్ ఇంకా కొత్త మోజు. రిలయన్స్ ఇన్ఫోకామ్ కొద్దిపాటి సొమ్ము ముందు కట్టించుకుని ఖరీదైన హ్యాండ్‌సెట్‌ను చేతిలో పెట్టేది. బదులుగా మూడేళ్లు తమ నెట్‌వర్క్‌లోనే కొనసాగాలని షరతు. ఆ ఫోను వేరే నెట్‌వర్క్‌లో పనిచేయకుండా లోపలి ప్రోగ్రాములోనే కట్టడి చేశారు. పోటీ సంస్థ టాటా ఇండికామ్ ఉద్యోగులు కొందరు ఆ ప్రోగ్రామును మార్చి, అదే ఫోను తమ నెట్‌వర్క్‌లో పలికేలా చేస్తున్నారని ఫిర్యాదు వచ్చింది. పోలీసులు ఐటీ చట్టం కింద కేసు పెట్టారు. కేసు కొట్టేయమని ఉద్యోగులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. వాళ్ల వాదనల్లో ముఖ్యమైనది ఇది: ఫోను కంప్యూటరే కానప్పుడు కంప్యూటర్ చట్టం మాకెలా వర్తిస్తుంది?

2005 జులైలో హైకోర్టు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి చట్టంలోని నిర్వచనాన్ని తీసుకుంది. ఎలక్ట్రానిక్, అయస్కాంత, కాంతి సంకేతాల సాయంతో డేటాను వేగంగా ప్రాసెస్ చేస్తూ లెక్కలు కట్టడం, తర్కించడం, గుర్తుంచుకోవడం వంటి పనులు చేసే ఏ పరికరమైనా కంప్యూటరే. ఫోను ఇవన్నీ చేస్తుంది. టవర్‌కు తానెవరో చెప్పుకోవడానికి ఆనాటి ఫోన్లలో 32 బిట్ల సీరియల్ సంఖ్య ఒకటి ఉండేది. దాన్ని చదివి, సరిచూసి, నెట్‌వర్క్‌తో మాట్లాడించేది లోపలి ప్రోగ్రామే. కాబట్టి ఫోను కంప్యూటరేనని, దాని ప్రోగ్రామును మార్చడం సెక్షన్ 65 కిందికి రాగల నేరమని కోర్టు తేల్చింది. ఆరోపణ నిజమా కాదా అన్నది విచారణకు వదిలింది.

ఆ తీర్పు చదివాక ‘ఆఫీసు కంప్యూటర్’ అన్న మాట పరిధి ఒక్కసారిగా పెరుగుతుంది. వేలిముద్రతో హాజరు వేసే యంత్రం, దుకాణంలో కార్డు గీకే మెషిన్, సీసీటీవీ రికార్డర్, ఆర్టీసీ కండక్టర్ చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మెషిన్, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ ముందున్న డెస్క్‌టాప్ అన్నీ చట్టం దృష్టిలో ఒకే జాతి. ఇది మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకే పరిమితమైన సంగతి కాదు. జీతం తీసుకుంటూ తెర ముందు కూర్చునే ప్రతి ఒక్కరిదీ.

యంత్రం అడిగేది ఒకటి, చట్టం అడిగేది మరొకటి

పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కగానే యంత్రం రెండు పనులు చేస్తుంది. మొదటిది గుర్తింపు. సరిగా కట్టిన వ్యవస్థల్లో మీ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు దాచి ఉండదు. దాన్ని గణిత సూత్రంతో నలగ్గొట్టి తయారుచేసిన ఒక ముద్ర మాత్రమే ఉంటుంది. మీరు కొట్టిన దానికి అదే ముద్ర వస్తే మీరు మీరేనని యంత్రం నమ్ముతుంది. రెండోది హక్కుల పట్టిక. ఏ ఫోల్డర్ చూడొచ్చు, ఏది మార్చొచ్చు, ఏది చెరపొచ్చు అన్నది మీ పేరు పక్కన రాసి ఉంటుంది. యంత్రం తెలివి అక్కడితో సరి. ఆ ఫైలు ఎందుకు తెరుస్తున్నారో అది అడగదు. పైగా చాలా ఆఫీసుల్లో పని ఆగకూడదని అవసరానికి మించిన హక్కులు ఇచ్చేస్తుంటారు. బదిలీ అయినవాళ్ల పాత హక్కులు తీసేయడం కూడా మరిచిపోతారు.

చట్టం మొదలయ్యేది యంత్రం ఆగిన చోట. 2000 అక్టోబరు 17 నుంచి అమల్లో ఉన్న సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలో సెక్షన్ 43కు ఆయువుపట్టు ‘యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా’ అన్న షరతు. అలా అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లినా, డేటాను దించుకున్నా, కాపీ చేసినా, వైరస్ ఎక్కించినా, పని ఆగిపోయేలా చేసినా, హక్కున్నవాళ్లను లోపలికి రానివ్వకపోయినా, సమాచారాన్ని చెరిపినా, మార్చినా, సోర్స్ కోడ్ దొంగిలించినా నష్టపోయినవారికి పరిహారం కట్టాలి. లోపలికి వెళ్లడం, కాపీ చేయడం, చెరపడం ఇందులో వేర్వేరు అంశాలు. ఒకదానికి దొరికిన అనుమతి మరొకదానికి చెల్లదు. ఊరెళుతూ పక్కింటివాళ్లకు తాళంచెవి ఇచ్చి మొక్కలకు నీళ్లు పోయమంటే, బీరువా తెరవమని చెప్పినట్టు కాదు గదా.

ఇక్కడ చాలామంది తడబడేది ‘నా లాగిన్‌తోనే కదా తెరిచాను’ అన్న వాదన దగ్గర. లాగిన్ మీ గుర్తింపుకు రుజువు. మీకు అప్పగించిన పని ఎంతవరకో చెప్పేది నియామక పత్రం, కంపెనీ ఐటీ విధానం, పై అధికారి ఆదేశం. తెరుచుకున్నంత మాత్రాన తెరవడానికి అనుమతి ఉన్నట్టు కాదు.

పొరపాటుకూ నేరానికీ మధ్య గీత

మరి వేలు జారి ఒక ఫైలు చెరిపేసినవాణ్ని జైల్లో పెడతారా? పెట్టరు. సెక్షన్ 43 కింద వచ్చేది పరిహారం. అదే పనిని నిజాయితీ లేకుండా గాని, మోసపుచ్చే ఉద్దేశంతో గాని చేస్తే సెక్షన్ 66 కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27న అమల్లోకి వచ్చాక ఈ రెండు సెక్షన్లూ ఇలా ముడిపడ్డాయి. అక్రమంగా లాభం పొందాలనో, ఎదుటివారికి నష్టం కలిగించాలనో ఉద్దేశం ఉందా అన్నదే గీత.

పరిహారం కోసం మామూలు సివిల్ కోర్టుకు పోనక్కర్లేదు. ప్రతి రాష్ట్రంలోనూ ఐటీ శాఖ కార్యదర్శే ఈ చట్టం కింద న్యాయనిర్ణయ అధికారి. 5 కోట్ల రూపాయల వరకు ఉన్న దావాలను ఆయన విచారిస్తారు. నేరం వైపు దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్, అంతకన్నా పై హోదా పోలీసు అధికారి. మూడేళ్ల శిక్ష పడే నేరాలకు బెయిలు హక్కుగా దొరుకుతుంది. అలాగని తేలిగ్గా తీసుకునేది కాదు. కొత్త ఉద్యోగానికి పూర్వచరిత్ర ఆరా తీసేటప్పుడు ఎఫ్‌ఐఆర్ ఒక్కటి చాలు దారికి అడ్డం పడటానికి.

ఉద్దేశం ఉన్నప్పుడు ఎంత తేలిగ్గా జరిగిపోతుందో 2005లో పుణెలో బయటపడింది. అక్కడి కాల్‌సెంటర్ ఒకటి అమెరికన్ బ్యాంకు ఖాతాదారులకు సేవలందించేది. అందులో పనిచేసినవాళ్లు కొందరు ఖాతాదారులను మాటల్లో పెట్టి పిన్ నంబర్లు రాబట్టి, సుమారు మూడున్నర లక్షల డాలర్లను దొంగ ఖాతాలకు మళ్లించారన్నది కేసు. బయటినుంచి ఎవరూ గోడ దూకలేదు, ఏ తాళమూ పగలగొట్టలేదు. పనిలో భాగంగా దొరికిన మాటా, నమ్మకమే పనిముట్లయ్యాయి.

నోటీస్ పీరియడ్‌లో వచ్చే చిక్కులు

ఉద్యోగులు చట్టానికి ఎక్కువగా దొరికిపోయేది రాజీనామా ఇచ్చిన తర్వాతి రోజుల్లో. నేను రాసిన కోడ్, నేను తయారుచేసిన ఎక్సెల్ షీట్, నేను సంపాదించిన క్లయింట్ల జాబితా, వెంట తీసుకుపోతే తప్పేమిటని అనిపిస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 17 దీనికి నేరుగా జవాబిస్తుంది. వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగంలో భాగంగా సృష్టించిన దానికి తొలి హక్కుదారు యజమాని. కంప్యూటర్ ప్రోగ్రాము కూడా సాహిత్య రచన కిందే లెక్క. రాత్రిళ్లు మేలుకుని రాసినా, ఆ కోడ్ కంపెనీదే. దాన్ని సొంత మెయిల్‌కు పంపుకోవడం, గిట్‌హబ్‌లో సొంత ఖాతాలో పెట్టుకోవడం అనుమతి లేని కాపీ కిందికి వస్తాయి. సోర్స్ కోడ్‌ను దొంగిలించడం, నష్టపరిచే ఉద్దేశంతో మార్చడం సెక్షన్ 43లో విడిగా ఉన్న అంశం. పోలీసులు దీనితోపాటు భారతీయ న్యాయ సంహితలోని నమ్మకద్రోహం సెక్షన్ 316ను జతచేస్తుంటారు. గుమాస్తా, ఉద్యోగి స్థానంలో ఉండి చేసిన నమ్మకద్రోహానికి అందులో ఏడేళ్ల దాకా శిక్ష ఉంది.

అయితే ఉద్యోగి చేతులు పూర్తిగా కట్టేయలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం ఎవరి జీవనోపాధికైనా అడ్డుకట్ట వేసే ఒప్పందం చెల్లదు. ఉద్యోగం మానేశాక ఫలానా పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతును మన కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. గోప్యత షరతును మాత్రం ఒప్పుకుంటాయి. అంటే అనుభవంతో అబ్బిన నేర్పు ఉద్యోగిది, పెన్‌డ్రైవ్‌లో ఎక్కిన ఫైలు యజమానిది. వ్యాపార రహస్యాల కోసం మన దేశంలో ఇంకా ప్రత్యేక చట్టం లేదు. లా కమిషన్ 2024లో తన 289వ నివేదికలో అలాంటి చట్టం తెమ్మని సూచించింది.

కోపంతో పోయేవాళ్ల సంగతి వేరు. వెళ్తూ వెళ్తూ సర్వర్ పాస్‌వర్డ్ మార్చేసి చెప్పకుండా పోవడం, మెయిల్‌బాక్స్ మొత్తం ఖాళీ చేయడం, బ్యాకప్‌లు చెరిపేయడం సెక్షన్ 43 జాబితాలో ఉన్న పనులే. జీతం బకాయి ఉందన్న కారణం వాటికి రక్షణ కాదు. బకాయి కోసం కార్మిక శాఖకు వెళ్లవచ్చు, లీగల్ నోటీసు ఇవ్వవచ్చు.

పాస్‌వర్డ్ అప్పివ్వడం

‘సార్ సెలవులో ఉన్నారు, ఆయన లాగిన్‌తో అప్రూవ్ చేసేయ్’ అన్న మాట మన ఆఫీసుల్లో రోజూ వినబడేదే. బ్యాంకుల్లో, ఖజానా కార్యాలయాల్లో ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు సరిచూసి ఆమోదించే పద్ధతి ఉంటుంది. ఒక మనిషి తప్పును రెండో మనిషి పట్టుకోవాలన్నది దాని ఉద్దేశం. పాస్‌వర్డ్ చేతులు మారితే ఇద్దరు చేయాల్సిన పని ఒకడే చేస్తాడు, రికార్డు మాత్రం ఇద్దరు చేశారని అబద్ధం చెబుతుంది. వేరొకరి పాస్‌వర్డ్‌నో, డిజిటల్ సంతకాన్నో మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం సెక్షన్ 66సి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇచ్చినవారికీ తిప్పలు తప్పవు. తేడా వస్తే ముందు సంజాయిషీ అడిగేది ఆ లాగిన్ ఎవరి పేరున ఉందో వాళ్లనే.

లోపలి హక్కులు హద్దు దాటితే ఏమవుతుందో హైదరాబాద్ 2009లో చూసింది. సత్యం కంప్యూటర్స్ కేసులో సీబీఐ దర్యాప్తు ప్రకారం, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ‘సూపర్ యూజర్’ లాగిన్‌తో వెళ్లి వేల దొంగ ఇన్వాయిస్‌లు సృష్టించారు. అవి మిగతా విభాగాలవారికి కనబడకుండా చేశారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. ఆ తీర్పు మీద అప్పీళ్లు వెళ్లాయి. దోషులుగా తేలినవాళ్లలో పెద్దలతోపాటు ఫైనాన్స్ విభాగం సిబ్బందీ ఉన్నారు.

పైరేటెడ్ సాఫ్ట్‌వేర్‌ది ఇంకో దారి. ఫొటో స్టూడియోలో, డీటీపీ సెంటర్లో, చిన్న అకౌంట్స్ ఆఫీసులో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ మామూలైపోయింది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. సాంకేతికంగా కూడా ఇది కోరి తెచ్చుకునే ముప్పే. క్రాక్ ఫైలును నడిపించడానికి ముందు యాంటీవైరస్‌ను ఆపమంటారు. దానితోపాటు లోపలికి ఏం దిగుతోందో చెప్పేవాళ్లుండరు.

మీ తెర మీద పరాయివాళ్ల జీవితం

ఆస్పత్రి కౌంటర్లో రోగి రిపోర్టు, బ్యాంకులో ఖాతా నిల్వ, టెలికాం ఆఫీసులో కాల్ వివరాలు, మీసేవలో ఆధార్ సంఖ్య. ఇవి పని కోసం కనబడతాయి. కుతూహలం కొద్దీ చూడటానికి కాదు. ఒప్పందం ప్రకారం సేవలందిస్తూ చేతికందిన వ్యక్తిగత సమాచారాన్ని, అక్రమ లాభం కోసమో, నష్టం కలుగుతుందని తెలిసో, ఇతరులకు వెల్లడిస్తే ఐటీ చట్టం సెక్షన్ 72ఎ కింద మూడేళ్ల దాకా జైలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంస్థల మీద భారం మరింత పెంచింది. తగిన భద్రత పాటించక డేటా బయటికి పొక్కితే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. జరిమానా కట్టేది సంస్థే అయినా, ఆ రోజు కంపెనీ మొదట వెతికేది లీకు ఏ సీటు నుంచి జరిగిందోనని.

కృత్రిమ మేధ వచ్చాక ఈ లీకు మరీ తేలికైంది. తప్పెక్కడుందో దొరకని కోడ్‌ను చాట్‌బాట్‌లో అతికించి ‘సరిచేయి’ అంటే, ఆ కోడ్ కంపెనీ గోడ దాటి ఇంకొకరి సర్వర్‌కు చేరినట్టే. 2023లో శామ్‌సంగ్ ఉద్యోగులు చాట్‌జీపీటీలో సోర్స్ కోడ్ అతికించిన సంగతి బయటపడి, ఆ కంపెనీ అలాంటి సాధనాల వాడకంపై నిషేధం పెట్టింది. మన కేంద్ర ఆర్థిక శాఖ 2025 ఆరంభంలో ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడొద్దని ఉద్యోగులకు ఆదేశమిచ్చింది. ప్రభుత్వ ఫైళ్లలో రహస్యాలుంటే 1923 నాటి అధికార రహస్యాల చట్టం కూడా ముందుకొస్తుంది.

ఇక అశ్లీలం. ఆఫీసు నెట్‌లో దాన్ని పంపితే ఐటీ చట్టం సెక్షన్ 67, 67ఎ వర్తిస్తాయి. పిల్లలకు సంబంధించినదైతే వెతికినా, దించుకున్నా 67బి కింద నేరమే. తోటి ఉద్యోగినికి చూపిస్తే 2013 నాటి చట్టం ప్రకారం అది పనిచోట లైంగిక వేధింపు.

యజమాని ఎంతవరకు తొంగిచూడొచ్చు?

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తాళం గుర్తు చూపిస్తున్నా, లోపల సాగేది కంపెనీకి కనబడకపోవాలన్న నియమం లేదు. కంపెనీ తన సొంత ధ్రువపత్రాన్ని ల్యాప్‌టాప్‌లో ముందే ఎక్కించి ఉంటే, మీరు తెరిచే వెబ్‌సైట్‌కూ మీకూ మధ్య దాని ప్రాక్సీ సర్వర్ కూర్చుంటుంది. అటునుంచి వచ్చిన రహస్య సమాచారాన్ని విప్పి, పరిశీలించి, మళ్లీ తన తాళం వేసి మీకు పంపుతుంది. ఉద్యోగుల మీద ఇలాంటి నిఘాకు మన దేశంలో విడిగా చట్టం లేదు. కంప్యూటర్ యజమానిది కాబట్టి అనుమతిచ్చే అధికారం అతనిదే. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా ఉద్యోగ అవసరాలకు, కార్పొరేట్ గూఢచర్యాన్ని అడ్డుకోవడం వంటివాటికి విడిగా సమ్మతి అడగకుండానే ఉద్యోగి డేటాను వాడుకునే వీలిచ్చింది. కానీ వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఉద్యోగి సొంత బ్యాంకు పాస్‌వర్డ్‌ను పట్టి వాడుకుంటే యజమాని మీదా 66సి వర్తిస్తుంది. సొంత పనులకు సొంత ఫోన్ వాడుకోవడమే ఉద్యోగికి క్షేమం.

చెరిపితే చెరగని రాతలు

చివరికి ఈ చట్టాలన్నీ నిలబడేది సాక్ష్యం మీద. విండోస్ ప్రతి లాగిన్‌ను 4624 అన్న సంఖ్యతో, విఫలమైన ప్రయత్నాన్ని 4625తో నమోదు చేస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే దాని తయారీదారు, సీరియల్ నంబరు రిజిస్ట్రీలోకి ఎక్కుతాయి. ఫైలు చెరిపితే సాధారణంగా హార్డ్‌డిస్కులో పోయేది విషయసూచికలోని ఆనవాలే. అసలు డేటా దానిమీద ఇంకొకటి రాసేదాకా అక్కడే ఉంటుంది. కొత్త ఎస్‌ఎస్‌డీల్లో ట్రిమ్ అనే ఆదేశం వల్ల అది త్వరగా తుడిచిపెట్టుకుపోవచ్చు గాని, మెయిల్ సర్వర్‌లో, బ్యాకప్‌లో ఇంకో ప్రతి మిగిలి ఉండొచ్చు. లాగ్‌లను 180 రోజులు దాచాలని, గడియారాలను జాతీయ కాలమానంతో సరిపెట్టాలని, సైబర్ ఘటనలు తెలిసిన ఆరు గంటల్లో నివేదించాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న సంస్థలను ఆదేశించింది. అందుకే దొంగ లింకు నొక్కిన ఉద్యోగి ఆ విషయం వెంటనే చెప్పడం మేలు. దాచిన కొద్దీ సంస్థ గడువు కరిగిపోతుంది.

కోర్టుకు సాక్ష్యంగా తెచ్చిన ఫైలును మార్చలేదని ఎలా తెలుస్తుంది? 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రంతోపాటు హ్యాష్ విలువ ఇవ్వాలి. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఎంత పెద్ద ఫైలైనా 64 అక్షరాల గుర్తుగా మారుతుంది. అందులో ఒక్క కామా మార్చినా ఆ గుర్తు ఆనవాలు పట్టలేనంతగా మారిపోతుంది. స్వాధీనం చేసుకున్నప్పుడు తీసిన హ్యాష్, కోర్టులో తీసిన హ్యాష్ ఒకటైతే ఫైలు చెక్కుచెదరలేదని అర్థం. ఇది ఉద్యోగికి వ్యతిరేకంగా ఎంత పనికొస్తుందో, ఉద్యోగి మీద తప్పుడు నింద పడ్డప్పుడు అంతే పనికొస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడి 1986 నాటి కంప్యూటర్ మోసాల చట్టంపై 2021లో వాన్ బ్యూరెన్ కేసులో సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఇంకో దారి పట్టింది. డబ్బు తీసుకుని పోలీసు డేటాబేస్‌లో ఒక కారు నంబరు వెతికిన సార్జెంట్ కేసది. తనకు హక్కున్న సమాచారాన్ని చెడు ఉద్దేశంతో చూసినంత మాత్రాన ఆ చట్టం కింద నేరం కాదని చెప్పింది. తలుపు మీకు తెరిచి ఉందా లేదా అన్నదే అక్కడ కొలత. మన సెక్షన్ 43 కాపీ చేయడాన్ని, చెరపడాన్ని విడివిడిగా ప్రశ్నిస్తుంది కాబట్టి మన వల ఇంకా వెడల్పు. అలాగని అక్కడ ఫైళ్లు పట్టుకుపోవచ్చని కాదు. వ్యాపార రహస్యాల రక్షణకు అక్కడ 2016 నాటి ప్రత్యేక చట్టం ఉంది.

మొత్తం వ్యవహారం అనుమతి మీదే తిరుగుతోంది కాబట్టి దాన్ని నోటిమాటగా వదిలేయడమే అన్ని తగాదాలకూ మూలం. ఇంటి నుంచి పనిచేయడానికి ఫైలు పంపుకోవాలన్నా, సెలవులో ఉన్నవారి పని చేయాలన్నా, కొత్త ఏఐ సాధనం వాడాలన్నా రెండు వాక్యాల మెయిల్ రాసి ‘సరే’ అన్న జవాబు తెప్పించుకోండి. చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టిన ఐటీ విధానాన్ని ఒకసారి తెరిచి చూడండి. కంపెనీలు కూడా పాతిక పేజీల ఇంగ్లిష్ పత్రంతో చేతులు దులుపుకోకుండా, ఏది చేయొచ్చో ఏది కూడదో సిబ్బందికి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి, అక్కర్లేని హక్కులు అప్పటికప్పుడు తీసేయాలి. గీత ఎక్కడుందో చెప్పకుండా గీత దాటావని కేసు పెట్టే యజమానికి కోర్టులో ముందు ఎదురయ్యే ప్రశ్న, ఆ గీత నువ్వెప్పుడు గీశావన్నదే.